సభామర్యాద

పాపికొండల నడుమనుండి వెలువడిన గోదావరికి కుడిగట్టున పోలవరము కలదు. ఇది రాజ్యాంగము ననుసరించి షెడ్యూల్డు ప్రాంతము. ఈ ప్రాంతపు పల్లెలలో కోయలు, కొండరెడ్లు తరతరములుగా నివసించుచున్నారు. 2014లో జాతీయ ప్రాజెక్టుగా ప్రకటింపబడిన పోలవరము జలాశయము కొరకు పెక్కు గ్రామములవారు ఇల్లు, పొలము విడువవలసి వచ్చినది. ఇట్టి ప్రాంతములలో ప్రాజెక్టులకై భూమిని సేకరించుటకు ముందు గ్రామసభనుగాని, తగిన స్థాయి పంచాయతీనిగాని సంప్రదింపవలెనని 1996 నాటి పెసా చట్టము చెప్పుచున్నది.

గ్రామసభ యనగా ఊరి ఓటర్లందరును కూడిన సభ. ఊరి భవిష్యత్తే చర్చకు వచ్చినపుడు కోపము, భయము, దుఃఖము కలుగుట సహజము. కావుననే అచ్చట మర్యాద మిక్కిలి యవసరము. ఒక వృద్ధురాలు లేచి, తన చింతచెట్లకు పరిహారమెంత యని అడుగుచున్నదనుకొనుడు. అంతలో పదిమంది కేకలు వేసినచో ఆమె మాటాడక కూర్చుండును. ఆమె ప్రశ్న తీర్మానముల పుస్తకమున కెక్కదు. దానికి సమాధానము చెప్పువారును ఉండరు.

కనుక ఒకరు మాటాడునపుడు తక్కినవారు వినవలెను. విషయమును విమర్శింపవచ్చును గాని మనిషిని నిందింపరాదు. తెలుగు చక్కగా రానివారికి వారి భాషలో చెప్పుకొను వీలు కల్పింపవలెను. వ్రాసిన తీర్మానమును అందరికిని వినిపింపవలెను.

వీనిని నడిపించు భారము అధ్యక్షునిది. దూషించువానిని, విషయము విడిచి పోవువానిని అతడు ఆపవచ్చును. కాని తనకు నచ్చని అభిప్రాయము చెప్పినంత మాత్రమున ఎవనిని ఆపరాదు. అట్లు చేసినచో సభ నిశ్శబ్దముగా నుండును గాని న్యాయముగా నుండదు.

వినవలసినవారిని విడిచిపెట్టుట చిన్న లోపము కాదు. ఈ ప్రాజెక్టునకు 2005లో కేంద్రప్రభుత్వము పర్యావరణ అనుమతి నిచ్చినది. ముంపునకు లోనగు ఒరిస్సా, ఛత్తీస్‌గఢ్ గ్రామములలో బహిరంగ విచారణ జరుగలేదని, జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ 2007లో ఆ అనుమతిని రద్దుచేసినది. పిమ్మట ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసినది. అయినను, బాధ కలుగువారి మాట ముందుగా వినవలెనను సూత్రము దీనివలన తెలియుచున్నది.

విద్యార్థులారా! మీ తరగతి సభలలో ఈ నియమములను నేటినుండియే పాటింపుడు. మీతో ఏకీభవింపని సహాధ్యాయి మాటను చివరివరకు విని, పిమ్మట బదులు చెప్పుడు. రేపు మీరు ఓటర్లై గ్రామసభలో కూర్చున్ననాడు ఈ అలవాటు మీ యూరికి ఉపకరించును.