చెల్లే నాణెం, చెల్లని అనుమానం

ద్రవ్యం విశ్వాసంపై నిలిచిన వస్తువు. చేతిలోని కాగితానికి గాని, లోహపు బిళ్ళకు గాని స్వతహాగా ఉన్న విలువ స్వల్పమే. ప్రభుత్వపు పూచీ, ప్రజల నమ్మకం కలిసి దానికి విలువను కల్పిస్తున్నాయి. ఈ రెండింటిలో మొదటిది చట్టంలో లిఖితమై ఉంటుంది. రెండవది కూరగాయల అంగడిలో, బస్సులో, కిరాణా కొట్టు గల్లాపెట్టె వద్ద ప్రతిదినమూ పరీక్షకు నిలుస్తుంది. పూచీ చెక్కుచెదరక ఉన్నా నమ్మకం సడలిన సందర్భాలు మన దేశంలో లేకపోలేదు. పదిరూపాయల నాణేనికి పట్టిన గతి ఇందుకు చక్కని ఉదాహరణ.

చట్టబద్ధమైన డబ్బుతో సరకు కొనబోయిన మనిషిని చూచి దుకాణదారు "ఇది దొంగ నాణెం" అని తిప్పి ఇచ్చివేయడం పైకి చిన్న సంగతిగానే కనిపిస్తుంది. కాని ఆ మాటలో ఒక నేరారోపణ దాగి ఉన్నది. పదిమంది ఎదుట ఆ మాట పడిన వ్యక్తి పొరుగు రాష్ట్రం నుండి పనికోసం వచ్చిన కూలీ అయితే, లేదా స్థానిక భాష రాని యాత్రికుడైతే, తన నిర్దోషిత్వాన్ని వివరించుకొనే అవకాశం కూడా అతనికి ఉండదు. తన ఊరిలో నిన్నటిదాకా నిరాటంకంగా చెల్లిన నాణెం ఇక్కడ ఎందుకు చెల్లదో అతనికి అర్థం కాదు. కనుక ఈ సమస్యలో ఆర్థికాంశం ఎంత ఉన్నదో, పౌరుని గౌరవానికి సంబంధించిన అంశమూ అంతే ఉన్నది.

ఒకే మాట, మూడు అర్థాలు

హిందీలో 'ఖోటా సిక్కా' అంటారు. తెలుగులో 'చెల్లని కాసు' అంటాం. వ్యవహారంలో ఈ మాటలు మూడు వేర్వేరు విషయాలను ఒకే గాటన కట్టివేస్తున్నాయి. వాటిని విడదీసి చూడడం అవసరం.

మొదటిది నకిలీ ద్రవ్యం. ప్రభుత్వ టంకశాలలో గాని, అధికార ముద్రణాలయంలో గాని తయారు కానిది. దీనిని తయారు చేయడం తీవ్రమైన నేరం. రెండవది చెల్లుబాటు కోల్పోయిన ద్రవ్యం. పావలా, అంతకన్న చిన్న నాణేలు 2011 జూన్ 30 నుండి చట్టరీత్యా చెల్లుబాటు కోల్పోయాయి. నాటి 500, 1000 రూపాయల నోట్లు 2016 నవంబరు 8 అర్ధరాత్రి నుండి రద్దయ్యాయి. ఇవి అసలైనవే, కాని విలువ లేనివి. మూడవది అరుదుగా కనిపించే ద్రవ్యం. అర్ధరూపాయి నాణెం, రూపాయి నోటు, పాత రెండు రూపాయల, అయిదు రూపాయల నోట్లు ఈ కోవకు చెందుతాయి. ఇవి అసలైనవి, పూర్తి విలువ గలవి. అలవాటు తప్పడమొక్కటే వీటి లోపం.

ఉపసంహరణ వేరు, రద్దు వేరు అన్న విషయమూ ఇక్కడ గమనార్హం. 2023 మే 19న రెండు వేల రూపాయల నోటును చెలామణి నుండి ఉపసంహరిస్తున్నట్లు ప్రకటించినప్పుడు, దాని చట్టబద్ధత కొనసాగుతుందని రిజర్వు బ్యాంకు ఆ ప్రకటనలోనే స్పష్టం చేసింది.

పదిరూపాయల నాణెం ఉదంతం

రెండు లోహాలతో చేసిన పదిరూపాయల నాణెం 2009లో ప్రజల చేతికి వచ్చింది. వెలుపల పసుపు వన్నె వలయం, నడుమ తెల్లని బిళ్ళ. 2010లో రూపాయికి ప్రత్యేక చిహ్నాన్ని కేంద్ర ప్రభుత్వం ఆమోదించగా, 2011 నుండి ఆ చిహ్నంతో కూడిన నాణేలు వెలువడ్డాయి. నాణెంపై కిరణాల వలె కనిపించే గీతలు కొన్నింటిలో 15, మరికొన్నింటిలో 10 ఉన్నాయి. రిజర్వు బ్యాంకు ప్లాటినం జూబిలీ, పార్లమెంటు 60 సంవత్సరాల పూర్తి, డాక్టర్ అంబేద్కర్ 125వ జయంతి వంటి సందర్భాలను పురస్కరించుకొని స్మారక ముద్రలతోనూ పది రూపాయల నాణేలు వచ్చాయి.

ఈ వైవిధ్యమే వదంతికి బీజమయింది. పది గీతలు ఉన్నదే అసలైనదని, పదిహేను గీతలు ఉన్నది నకిలీ అని, రూపాయి చిహ్నం లేనిది చెల్లదని ప్రచారం సాగింది. 2016లో ఢిల్లీలో నకిలీ నాణేల తయారీని పోలీసులు బయటపెట్టడంతో భయానికి కొంత ఆధారం కూడా దొరికింది. క్రమంగా తెలుగు జిల్లాలలోను, తమిళనాడులోను, మరికొన్ని ప్రాంతాలలోను చిల్లర వర్తకులు ఈ నాణేన్ని పుచ్చుకొనడం మానివేశారు. 2016 నవంబరులో ఒకసారి, 2018 జనవరి 17న మరొకసారి రిజర్వు బ్యాంకు ప్రకటనలు చేసి, అప్పటివరకు 14 నమూనాలలో ఈ నాణేలు విడుదలయ్యాయని, అన్నీ చెల్లుతాయని తెలియజేసింది. అయినప్పటికీ అనేకచోట్ల నిరాకరణ కొనసాగుతూనే వచ్చింది.

అనుమానం ఎట్లా పుడుతుంది?

వర్తకుని మూర్ఖుడని కొట్టివేయడం న్యాయం కాదు. అతని లెక్క అతనికి ఉన్నది. పది రూపాయల సరకు మీద చిన్న వ్యాపారికి మిగిలేది ఒకటి రెండు రూపాయలు. నాణెం చెల్లకపోతే పోయేది పది రూపాయలు. నిరాకరిస్తే మహా అయితే ఒక బేరం పోతుంది. అంగీకరిస్తే పలు బేరాల లాభం పోవచ్చును. కనుక అనుమానం వచ్చినప్పుడు తిప్పి పంపడమే క్షేమమని అతడు భావిస్తాడు.

అతడు నిజానికి అడుగుతున్న ప్రశ్న "ఇది అసలైనదా?" అని కాదు; "నా దగ్గర మరొకరు దీనిని తీసుకొంటారా?" అని. టోకు వ్యాపారి తీసుకోడన్న భయంతో చిల్లర వర్తకుడు తీసుకోడు. చిల్లర వర్తకుడు తీసుకోడన్న భయంతో కొనుగోలుదారు తీసుకోడు. ఈ గొలుసులో ఎవరూ నాణేన్ని పరీక్షించరు. నాణెం చేతులు మారకపోవడం వల్ల మరింత అరుదవుతుంది. అరుదైనకొద్దీ మరింత అనుమానాస్పదమవుతుంది. వదంతి తనను తానే నిజం చేసుకొంటున్నదన్నమాట.

దీనికి తోడు మనలో పెక్కుమంది ద్రవ్యాన్ని లక్షణాలను బట్టి గాక అలవాటును బట్టి గుర్తిస్తారు. రూపాయి నోటునే తీసుకొందాం. ఇతర నోట్లను రిజర్వు బ్యాంకు జారీ చేస్తుంది, వాటిపై గవర్నరు సంతకం ఉంటుంది. రూపాయి నోటును మాత్రం భారత ప్రభుత్వమే జారీ చేస్తుంది. దానిపై ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. చెల్లింపు వాగ్దానం ఉండదు. 1994లో ఆగిపోయిన దాని ముద్రణ 2015లో తిరిగి మొదలయింది. ఈ సంగతి తెలియనివారికి గవర్నరు సంతకం లేని నోటు దొంగనోటుగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

నక్షత్రపు గుర్తు ఉన్న నోట్ల కథ కూడా ఇటువంటిదే. వంద నోట్ల కట్టలో ముద్రణా లోపం గల నోటు తేలితే, దాని స్థానంలో సంఖ్యకు ముందు నక్షత్రపు గుర్తు గల మరొక నోటును ఉంచే పద్ధతి 2006లో ప్రారంభమయింది. సామాజిక మాధ్యమాలలో వీటిపై సందేహాలు వ్యాపించగా, ఇవి మిగిలిన నోట్లతో సమానంగా చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2023 జులైలో వివరణ ఇవ్వవలసి వచ్చింది.

చట్టం ఏమంటున్నది?

2011 నాటి నాణేల చట్టం ప్రకారం, రూపాయి, అంతకు మించిన విలువగల నాణేలు వెయ్యి రూపాయల మొత్తం వరకు చెల్లింపునకు చట్టబద్ధమైనవి. అర్ధరూపాయి నాణేలకు ఈ పరిమితి పది రూపాయలు. అనగా మూటెడు నాణేలు తెచ్చి పెద్ద బాకీ తీర్చబోయినవానిని కాదనే హక్కు అవతలివానికి ఉన్నది. పది రూపాయల కొనుగోలుకు ఒక్క నాణెం ఇచ్చినవానిని అనుమానించడానికి మాత్రం ఈ చట్టం ఆధారం కాదు. బ్యాంకు శాఖలు ఏ విలువ నాణేలనైనా కౌంటరు వద్ద స్వీకరించాలని రిజర్వు బ్యాంకు పలుమార్లు ఆదేశించింది.

నకిలీ ద్రవ్యం విషయంలోనూ చట్టం మనిషి మనస్సును చూస్తుంది. నకిలీదని తెలిసి, లేదా అట్లా నమ్మడానికి తగిన కారణం ఉండి చెలామణి చేసినప్పుడే అది నేరం. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఈ సూత్రం నిలిచి ఉన్నది. ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చిన ఒక వ్యాజ్యంలో, మామిడిపండ్లు కొని నూరు రూపాయల నోటు ఇచ్చిన పద్దెనిమిదేళ్ళ విద్యార్థి శిక్షకు గురి కాగా, అవి నకిలీ నోట్లని అతనికి తెలుసుననడానికి సాక్ష్యం లేదని 2001లో సుప్రీంకోర్టు అతనిని విడుదల చేసింది. నోటు నకిలీ అయినచోటనే చట్టం ఇంత జాగ్రత్త వహిస్తుంటే, అసలైన నాణెం ఇచ్చినవానిపై బజారు తీర్పు ఎంత తొందరపాటుతో కూడినదో ఊహించవచ్చును.

గతం నేర్పిన పాఠం

విభిన్న నాణేలతో మెలగడం మన ప్రజలకు కొత్త కాదు. నిజాం రాజ్యంలో 'హాలీ సిక్కా' చెలామణిలో ఉన్న రోజులలో, బ్రిటిషు రూపాయిని అక్కడివారు 'కల్దార్' అని పిలిచేవారు. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కల్దార్లకు సమానం. సరిహద్దు గ్రామాల రైతులు, వర్తకులు ఈ రెండు లెక్కలనూ నోటితోనే వేసుకొనేవారు. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చినప్పుడు అణాలు, నయాపైసలు కొంతకాలం పక్కపక్కనే నడిచాయి. తెలిసినదాన్ని జనం త్వరలోనే నమ్మారు.

పొరుగున ఉన్న భూటాన్ 1974లో తన న్గుల్‌ట్రమ్ నోట్లను ప్రవేశపెట్టింది. దాని విలువ మన రూపాయితో సమానం. భూటాన్‌లో మన రూపాయి కూడా చెల్లుతుంది. మన దేశంలో న్గుల్‌ట్రమ్‌కు చట్టబద్ధత లేకపోయినా, సరిహద్దున ఉన్న పశ్చిమ బెంగాల్ పట్టణం జైగాఁవ్ దుకాణాలలో అది చేతులు మారుతూ వచ్చింది. చట్టం కోరని చోట పరిచయం పని చేసింది. చట్టం కోరిన చోట అపరిచయం అడ్డు నిలిచింది.

మనం చేయదగినది

పాఠశాలలలో, కళాశాలలలో నాణేల పరిచయం ఒక తరగతి పాఠానికి తగిన విషయం. నాణెంపై సంవత్సరం కింద ఉండే చిన్న గుర్తు అది ఏ టంకశాలలో తయారయిందో చెబుతుంది: ముంబైకి వజ్రం, హైదరాబాదుకు నక్షత్రం, నోయిడాకు చుక్క. ఏ గుర్తూ లేనిది కోల్‌కతాది. గుర్తు లేకపోవడం దోషం కాదు. హైదరాబాదులో సైఫాబాదు టంకశాల 1903 నుండి పనిచేసింది. 1997లో చర్లపల్లిలో కొత్తది వచ్చింది. తెలుగు నేలమీద తయారైన నాణేన్ని తెలుగు బజారే కాదనడం విచిత్రమే కదా!

నోటును చూడడమూ విద్యార్థులు నేర్చుకోవాలి. ఎత్తి చూస్తే కనిపించే నీటిముద్ర, కాగితంలో ఇమిడిన భద్రతా దారం, వేలికి తగిలే ముద్రణ: వీటిని పరిశీలించిన తరువాతనే సందేహం పలకాలి. సందేహం తీరకపోతే మనిషిని నిందించక బ్యాంకుకు వెళ్ళడం సరైన మార్గం. నోటు నకిలీదని తేలితే బ్యాంకు దానిని స్వాధీనపరచుకొని రసీదు ఇస్తుంది. ఒక లావాదేవీలో నాలుగు వరకు నకిలీ నోట్లు వస్తే వాటి వివరాలను నెలవారీ నివేదికలో పోలీసులకు పంపుతుంది. అయిదు, అంతకు మించి వస్తేనే వెంటనే కేసు పెట్టిస్తుంది. అమాయకునికి, నేరస్థునికి తేడా ఉంటుందన్న గుర్తింపు ఈ పద్ధతిలోనే ఉన్నది.

మన నోటు వెనుకవైపు భాషల పట్టికలో పదిహేను భాషలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ముందువైపు హిందీ, ఆంగ్లం ఉన్నాయి. అస్సామీ చదివేవాడు, తెలుగు చదివేవాడు ఒకే విలువను తమ తమ లిపులలో చదువుకొంటారు. దేశమంతటా ఒకే ద్రవ్యం చెల్లాలన్న నియమానికి అర్థం, దేశంలో ఏ మూలనుండి వచ్చిన మనిషికైనా బజారులో సమాన మర్యాద దక్కాలన్నదే. వచ్చే పదిరూపాయల నాణేన్ని తిప్పి పంపేముందు ఒక్కసారి తిప్పి చూచినట్లయితే, ఆ మర్యాదకు భంగం కలగదు.