దూరపు కొండలు నిజంగానే నునుపు
2011 నవంబరు 11న ‘స్కైరిమ్’ వీడియో గేమ్ విడుదలైనప్పుడు ఆటగాళ్లను మొదట కట్టిపడేసింది దాని విశాలత. ఎదురుగా కనిపించే మంచుకొండ ఉత్త బొమ్మ కాదు, నడిచి వెళ్లి ఎక్కవచ్చు.

ఇంత లోకాన్ని ఏ యంత్రమూ ఒకేసారి మోయలేదు. అందుకే నేలను చదరపు గడులుగా విభజించారు. మామూలుగా ఆటగాడి చుట్టూ ఉన్న 25 గడులే పూర్తి వివరాలతో నడుస్తాయి. మిగతాదంతా తక్కువ త్రిభుజాలతో అల్లిన ముతక రూపం. దూరపు కొండలు నునుపన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం! దగ్గరికి వెళ్లేకొద్దీ రాళ్లు, చెట్లు వచ్చి చేరతాయి.

అసలు చిక్కు మెమరీతో వచ్చింది. మనం జరిపిన గిన్నె, చంపిన దొంగ, ఖాళీ చేసిన పెట్టె... అన్నీ ఆటకు గుర్తుండాలి. ఆడేకొద్దీ ఆ చిట్టా పెరుగుతూ పోతుంది. ఎక్స్‌బాక్స్ 360లో 512 మెగాబైట్ల మెమరీ ఉమ్మడి ఆస్తి. ప్లేస్టేషన్ 3లోనూ మొత్తం అంతే, కానీ ప్రధాన మెమరీకి 256, చిత్రాలకు 256 అని పంపకం ముందే అయిపోయింది. ఇరుకు అక్కడే ఎక్కువ. దాంతో ప్లేస్టేషన్‌లో పదుల గంటలు ఆడిన చాలామందికి ఆట నత్తనడకన సాగింది. ఆటను ఎక్కువగా ఇష్టపడినవాళ్లకే శిక్ష పడినట్టయింది. తర్వాతి ప్యాచ్‌లతో ఈ ఇబ్బంది కొంత తగ్గింది.