విందుబాటలో రైతువాటా

గడచిన ఫాల్గుణమాసమున, దాళ్వాచేలు ఈనికమీద నుండి కాలువలు నిండుగా పారుచున్న దినములలో, మేమును మా గృహిణియు రెండు దినములు సెలవు చిక్కించుకొని చిన్న కారులో డెల్టా నొక చుట్టు చుట్టి వచ్చితిమి. ఉపన్యాసము లేదు, తెగుళ్ల పరీక్ష లేదు, ఏ యూర నేది రుచియో ఆ యూర నది తినుట యొక్కటియే సంకల్పము. పెండ్లియై యిరువది యేండ్లైనను ఇట్టి ప్రయాణము మే మెన్నడును చేసి యెరుగము. "ఊరూర రైతులకు చెప్పి వచ్చుటయే గాని, వారు పండించినదానిని స్థిమితముగా కూర్చుండి తిన్నది లేదు గదా" యని మా గృహిణి యెత్తిపొడిచినందున బయలుదేరవలసి వచ్చెను.

ఇట్టి యాత్రలు ఇటలీ దేశమున మిక్కిలి వాడుకలో నున్నవి. దంపతులు కారులో ఊరినుండి యూరికి పోవుచు, ఒకచోట చీజును, ఒకచోట ద్రాక్షమద్యమును రుచిచూచుచు వారముల కొలది గడుపుదురు. 1999 సంవత్సరమున ఆ దేశమువా రిందుకై యొక చట్టమునే చేసిరి. ద్రాక్షతోటల నడుమ పోవు రహదారులకు "మద్యపు బాటలు" అని పేరిడి, గుర్తుపలకలు నాటి, యాత్రికులు తిన్నగా తోటకే పోయి పండించినవానివద్దనే కొనుటకు వీలు కల్పించిరి. మనకు చట్టము లేకున్నను బాట లేకపోలేదు. కాలువగట్టే మన బాట.

రాజమహేంద్రవరమునుండి ధవళేశ్వరము చేరి బరాజుమీదుగా నది దాటితిమి. 1847లో మొదలిడి 1852 నాటికి కాటన్ దొర ముగించిన ఆనకట్ట స్థానమున నేడు ఈ బరాజు నిలిచియున్నది. తినుబండారముల కథ యంతయు నిచ్చటనే ఆరంభమగుచున్నది. ఈ నీరు లేనిచో బియ్యము లేదు, బెల్లము లేదు, అరటి లేదు. పులసచేప దినములు మాత్రము కావు. వరద నీటికి సముద్రమునుండి ఎదురీదివచ్చు ఆ చేపకై శ్రావణమువరకు ఆగవలసినదే. ఆనకట్ట దాని పైదారిని మూసినదన్న సంగతియు నిక్కడనే తలపునకు వచ్చెను. వరి కిచ్చినది చేపకు తగ్గినది.

బొబ్బర్లంక దిగి ఆత్రేయపురము చేరునప్పటికి ప్రొద్దు బారెడెక్కినది. దారిప్రక్క దుకాణముల యద్దముల వెనుక పూతరేకులు దొంతరలుగా నున్నవి. మేము దుకాణమున కొనక, వీధి లోపలికి పోయి రేకులు తీయు నొక యింటి యరుగుమీద కూర్చుంటిమి. ఇంటి యామె కుండను బోర్లించి, ప్రక్కనున్న రంధ్రముగుండా ఎండు కొబ్బరాకు మంట పెట్టుచుండెను. పలుచగా రుబ్బిన బియ్యపుపిండిలో సన్నని గుడ్డను ముంచి, కాగిన కుండ వీపుమీద నొక్కమారు లాగెను. కన్ను మూసి తెరచునంతలో తెల్లని పొర లేచినది. మా గృహిణి యొక రేకు తీయబోయి వ్రేలు కాల్చుకొనెను, రేకు చినిగినది, అందరును నవ్విరి. నేయి చిలుకరించి, బెల్లపుపొడి చల్లి చుట్టి యిచ్చిన మడతను నోట నుంచుకొంటిమి. నమలవలసిన పని లేకపోయెను.

మా యలవాటు చొప్పున బియ్యమును గురించి యడిగితిమి.

"జయ బియ్యమండీ. సన్నబియ్యమైతే రేకు నిలవదు, చినిగిపోద్ది," అనెను.

"ఎక్కడివి?"

"కొట్టులోవండీ. ఇదివరకు మా చేలోనే పండేయి. ఇప్పుడు బస్తామీద జయ అని ఉంటే తెచ్చుకుంటాం. లోపలేముందో పిండి పట్టాక గాని తెలీదండీ."

ఈ మాటకు మాకు రేకు గొంతులో నంటుకొన్నట్లయ్యెను. 1968లో విడుదలయిన జయ దుక్కబియ్యపు రకము. ధర పలుకదనియు, దోమపోటునకు నిలువదనియు, దానిని మాని 1982లో మారుటేరు పరిశోధన స్థానము విడుదల చేసిన స్వర్ణను, తరువాతి రకములను వేయుడనియు ఊరూర చెప్పినవారిలో మేము నొకరము. చెప్పినది తప్పు కాదు. ఎకరమునకు దిగుబడి పెరిగినది. కాని కూతవేటు దూరమున నొక వీధివీధి యంతయు ఈ దుక్కబియ్యమును ఆధారము చేసికొని బ్రతుకుచున్నదను సంగతి మా లెక్కల పుస్తకమున నెక్కడను లేదు.

2023లో ఆత్రేయపురపు పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించినది. కాటన్ దొర పేరనే వెలసిన స్థానిక తయారీదారుల సంఘము దీనికై పాటుపడినది. సంతోషమే. కాని కొన్న పెట్టెను త్రిప్పి త్రిప్పి చూచితిమి. ఊరి పేరున్నది, దుకాణము పేరున్నది. బియ్య మేయూరిదో, బెల్ల మెవరిదో లేదు. ఇటలీలో పార్మా ప్రాంతపు చీజును చూడుడు. దాని పేరును కాపాడు సంఘము 1934లో నేర్పడినది. ఆ పేరు పెట్టవలెనన్న పాలు గూడ ఆ కొన్ని జిల్లాలలోనివే కావలెను. ద్రాక్షమద్యమునకును 1963నుండి యిట్టి చట్టమే యున్నది. పైగా అక్కడ మద్యము కట్టు కొట్లలో ననేకములు రైతుల సహకార సంఘములవే. ద్రాక్ష తెచ్చి పోసినవాడే సీసామీది లాభమునందు పాలివాడు. మన సంఘములో? ఎరువు బస్తా, పంట యప్పు, వాయిదా నోటీసు. అంతతో సరి.

రావులపాలెపు అరటి మార్కెట్టులో నాగి నాలుగు చక్కెరకేళిపండ్లు తింటిమి. గెలల బండ్ల నడుమ నిలుచుటకు చోటు లేకపోయెను. సాయంకాలమునకు అంబాజీపేట చేరి పొట్టిక్కలు తింటిమి. పనసాకులను బుట్టగా కుట్టి అందులో పిండి పోసి యావిరిపై నుడికించిన ఈ వంటకమునకు ఆకు వాసనయే సగము రుచి. కొబ్బరిపచ్చడి సంగతి కొబ్బరిసీమలో చెప్ప నక్కరలేదు. తోటలలో ఆకుల క్రింద తెల్లదోమ యింకను కనిపించుచున్నది గాని, తెగుళ్లు చూడరాదని మాట యిచ్చియుంటిమి గనుక తల వంచుకొని తింటిమి.

రాత్రికి చించినాడ వంతెన దాటి మా గృహిణి పుట్టింటికి పోయితిమి. మా అసలు కథ ఇక్కడిది.

మా బావమరిది చేనిగట్టున పదునొకండు తాడిచెట్లు గలవు. ఒకప్పుడు ముప్పది పైగా నుండెను. గట్టునీడవలన వరి కంకులు తాలుపోవుచున్నవనియు, చెట్లు తీసివేయుడనియు మామగారికి బోధించినది మేమే. పెండ్లియైన క్రొత్తలో, అల్లుని హోదాలో. ఆయన మాట కాదనక కొట్టించెను. కొన్ని దూలములైనవి, తక్కినవి ఇటుకబట్టీకి పోయినవి. మిగిలిన పదునొకండును బట్టీవా డిప్పుడు బేరమాడి బయానా యిచ్చియున్నాడని ఆ రాత్రి తెలిసెను.

తెల్లవారుజామున గీతకార్మికుడు వచ్చెను. వయసు అరువదికి పైబడినను మోకు బిగించి చకచక నెక్కి, సున్నము పూసిన ముంతను దించి మాకు చెరియొక దోసెడు పోసెను. అది నీరా. చల్లగా, తియ్యగా, లేతమంచు వాసనతో నుండెను. సున్నము పూయని ముంతలో నైనచో ప్రొద్దెక్కులోపల పులిసి కల్లగును. సున్నపుముంతలోని దానినే కాచినచో తాటిబెల్లము. ఇటలీవారి ద్రాక్షరసమునకును ఇదే కథ. పులియనిచ్చుటలోను ఆపుటలోను నున్నది విద్యయంతయు. మేము మిషను బడిలో చదివినవారము, కల్లు ముట్టము. కాని నీరా రెండవ దోసెడును కాదనలేదు.

"ఇంకెన్ని చెట్లు గీస్తున్నావు?" అని యడిగితిమి.

"ఈ పదకొండూ, ఆ పక్క చెరువుగట్టుమీద ఆరూ. ఇవి పోతే ఇంక ఎక్కేదేముందండీ. మా వాడు హైదరాబాదు ఎల్లిపోయాడు, ఆయ్."

ఎవరి సలహావలన చెట్లు తగ్గెనో అత డెరుగడు. మా గృహిణి యెరుగును. ఆమె మావైపు చూచి యేమియు ననలేదు.

తాడిచెట్టు గెల వేయుటకు పండ్రెండు, పదునైదేండ్లు పట్టును. నేడు కొట్టినదానికి బదులు రేపు నాటుటతో తీరదు. మేము ముఖము చెల్లక చెల్లక బావమరిదితో చెప్పితిమి: "ఆనాడు మేము చెప్పినది సగము లెక్క. నీడవలన పోయిన గింజలను తూచితిమి. ముంజెలను, తేగలను, బెల్లమును, ఆకును తూచలేదు." అతడు నవ్వి, "ఆ లెక్కలో డబ్బెంతొస్తుందో చెప్పండి బావగారూ. బట్టీవాడు చేతిలో పెట్టాడు" అనెను. న్యాయమైన ప్రశ్నయే. గీసినవాని కూలి, వంటచెరకు పోగా తాటిబెల్లమున మిగులునది ఒక్క గట్టు చెట్లతో నిలువదు; పదిమంది గట్లు కలిసినచో నిలువవచ్చును. బయానా తిరిగి యిచ్చుటకు సగము మేము పెట్టుకొంటిమి. అతడు రెండు సంవత్సరములు గడు విచ్చెను. అంతకుమించి యియ్యలేదు.

తిరుగుదారిలో మారుటేరు మీదుగా, పెనుగొండ మీదుగా వచ్చి కొవ్వూరువద్ద రైలు రోడ్డు వంతెన దాటితిమి. మా గృహిణి కోర్కెపై రాజమహేంద్రవరమున గులాబిపాలు త్రాగి యిల్లు చేరితిమి.

ఇప్పుడు సంఘసభ్యులకు మా విన్నపము రెండు పనులను గూర్చి. మొదటిది: రాబోవు సార్వాకు జయ రకము వేయదలచినవారు అర యెకరమునకు మించక, ముందుగా సంఘముద్వారా పూతరేకులవారితో ధర వ్రాయించుకొని వేయవలెను. దోమపోటు భయ మున్నది గనుక బాటలు తీసి నాటవలెను. బేరము కుదరనిదే విత్తనము కొనరాదు. రెండవది: గట్లమీద తాడిచెట్లు గలవారు వాని సంఖ్యను, అందు పోతుతాళ్ళెన్నియో పెంటితాళ్ళెన్నియో వ్రాసి కార్యదర్శిగారి కియ్యవలెను. కల్లుగీత సహకార సంఘమువారితో మాటలాడుటకును, రంపచోడవరము చెంత పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానమున తాటిపై జరుగు పనిని చూచి వచ్చుటకును ఆ లెక్క కావలెను. మా బావమరిది పదునొకండు చెట్లను ఇప్పటికే వ్రాయించితిమి.