వెన్నకు బదులు వెన్నపండు

కొడగు కొండలలో కాఫీతోటల నడుమ పెరిగే ఒక చెట్టు ఫలాన్ని కన్నడిగులు ‘బెణ్ణె హణ్ణు’ అంటారు. తమిళులకు అది ‘వెణ్ణెయ్ పళం’. తెలుగు పట్టణాల పండ్ల దుకాణాలలో ‘బటర్ ఫ్రూట్’. మూడింటి అర్థమూ ఒక్కటే: వెన్నపండు. ఆ పేరు వినగానే గుండెజబ్బు భయం గలవారు వెనుకంజ వేస్తారు. తీపి లేదు, పులుపు లేదు, క్రొవ్వు మాత్రం దండిగా ఉన్నది. అటువంటి పండు గుండెకు మేలు చేయడమేమిటి?

అవకాడో పుట్టినిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. అక్కడివారు వేల సంవత్సరాలుగా దీనిని ఆరగిస్తున్నారు. వృక్షశాస్త్రరీత్యా ఇది మన దాల్చినచెక్కకు జ్ఞాతి.

వంద గ్రాముల గుజ్జులో సుమారు 15 గ్రాముల క్రొవ్వు, 7 గ్రాముల పీచు ఉంటాయి. చక్కెర ఒక్క గ్రాముకు మించదు. పొటాసియం అరటిపండులో కంటె ఎక్కువ. ఇక ఆ క్రొవ్వులో అధికభాగం ఆలివ్ నూనెలో ఉండే జాతిదే. వెన్న, నేతులలోని సంతృప్త క్రొవ్వు రక్తంలో చెడు కొలెస్టరాల్‌ను పెంచుతుంది. దాని స్థానాన్ని ఈ అసంతృప్త క్రొవ్వు ఆక్రమిస్తే ఆ కొలెస్టరాల్ తగ్గుతుంది.

అమెరికాలో లక్షా పదివేల మందిని 30 సంవత్సరాలపాటు పరిశీలించిన అధ్యయనం ఒకటి 2022లో వెలువడింది. వారానికి రెండుసార్లు, సగం పండు చొప్పున తిన్నవారిలో హృదయధమనుల వ్యాధి, అరుదుగా తినేవారిలో కంటె 21 శాతం తక్కువగా కనిపించింది. ఇదంతా పండు మహిమే అనడానికి వీలులేదు. వారి ఇతర అలవాట్లు కూడా మంచివై ఉండవచ్చు. అదే సంవత్సరం వెలువడిన మరొక పరీక్షలో వేయిమందికి అవకాడోపై ప్రయోగం జరిగింది. ఆరునెలలు రోజుకొక పండు తిన్నా వారి పొట్టలోని క్రొవ్వు తరగలేదు. చెడు కొలెస్టరాల్ మాత్రం స్వల్పంగా తగ్గింది. ఉన్న ఆహారానికి అదనంగా కాక, వెన్నకు బదులుగా తినడంలోనే దీని ప్రయోజనం ఎక్కువ.

ఈ ఫలం చెట్టున పండదు. కోసిన తరువాతనే మెత్తబడుతుంది. గట్టికాయను అరటిపండుతో కలిపి కాగితంలో చుట్టి ఉంచితే త్వరగా పండుతుంది. తొడిమ ప్రక్కన వ్రేలితో నొక్కినప్పుడు కొంచెం లొంగితే కోయవచ్చు. కోసిన ముక్క నల్లబడకుండా నిమ్మరసం పూయాలి.

మెక్సికో వాసుల ‘గ్వాకమోలే’ మన రోటిపచ్చడికి దగ్గరి చుట్టమే: గుజ్జులో ఉల్లి, పచ్చిమిరప, టమాటా, కొత్తిమీర, నిమ్మరసం, ఉప్పు కలిపి మెదుపుతారు. ఇది చపాతీకి, దోసెకు చక్కగా అమరుతుంది. పెరుగులో కలిపి ఆవాలు, కరివేపాకు తిరగమోత పెట్టినా రుచికరమే. ఎక్కువసేపు ఉడికిస్తే చేదెక్కుతుంది. దక్షిణాదిన ప్రసిద్ధమైన పాల పానీయంలో చక్కెర గుమ్మరిస్తే మాత్రం, పండులో లేని దోషాన్ని మనమే చేర్చినట్లవుతుంది.

మూత్రపిండాల వ్యాధితో పొటాసియం నియమం పాటించేవారు వైద్యుని అడగనిదే తినరాదు. తక్కినవారు సగం పండుతో ఆరంభించవచ్చు; కాని ఆ పూట వెన్నగిన్నె బల్లమీదికి రాకూడదు.