శిశు సంక్షేమ పథకం: ఫలితాన్ని తూచేదెట్లా?

శిశువులకు, కుటుంబాలకు తోడ్పడే పథకం విలువను హాజరు పట్టీ చెప్పదు. ఎందరికి అందిందన్నది ఒక ప్రశ్న. అందకపోతే వారి స్థితి ఎట్లా ఉండేదన్నదే అసలు ప్రశ్న.

1986-87లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో, వయసుకు తగ్గ ఎత్తు పెరగని 129 మంది పసివారిని ఎవరి ఇష్టానిష్టాలతో నిమిత్తం లేకుండా నాలుగు వర్గాలు చేశారు. ఒక వర్గానికి అదనపు ఆహారం, మరొకదానికి ఆటపాటలు, మూడవదానికి రెండూ ఇచ్చారు. నాల్గవదానికి ఇవేవీ లేవు. ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళు వారం వారం ఇళ్ళకు వెళ్ళి, బిడ్డతో మాట్లాడుతూ ఆడించడం తల్లులకు నేర్పారు. 22 ఏళ్ళ వయసులో ఆటపాటలు అందినవారి సంపాదన అందనివారికంటె సుమారు 25 శాతం ఎక్కువని 2014లో వెల్లడైంది. ఆహారం ఒక్కటే అంత ఫలితమివ్వలేదు.

పోలిక లేనిదే ఈ సంగతి తెలిసేది కాదు. మరి కొందరిని వదలడం న్యాయమా? అందరికీ ఒకేసారి ఇచ్చే స్తోమత లేనప్పుడు, చీటీ వేసి కొందరికి ముందు, కొందరికి తరువాత ఇవ్వడం న్యాయమైన మార్గం.