‘షుగర్’ మన మాటే! శక్కర్‌నగర్ దాకా ఓ తియ్యటి కథ

చాయ్ మరీ తియ్యగా ఉంటే ‘కొంచెం షుగర్ తగ్గించు’ అంటాం. ఆ ‘షుగర్’ అనే మాట పుట్టింది మన దగ్గరే అంటే నమ్ముతారా?

సంస్కృతంలో ‘శర్కర’ అంటే గులకరాయి, ఇసుక పలుకు. చెరకు రసాన్ని కాచి పలుకులుగా చేయడం నేర్చుకున్నాక వాటికీ అదే పేరు పెట్టేశారు. ఆ మాట పర్షియాలో ‘శకర్’, అరబ్బు దేశాల్లో ‘సుక్కర్’, చివరికి ఇంగ్లిష్‌లో ‘షుగర్’ అయింది. ‘క్యాండీ’ కూడా మన ‘ఖండ’ నుంచి వెళ్లిందే. బెల్లాన్ని ‘జాగరీ’ అంటారు కదా? మలయాళంలోని ‘చక్కర’ను పోర్చుగీసువాళ్లు పలికిన తీరు అది!

తేనెటీగలు లేని తేనె

అలెగ్జాండర్ నౌకాదళాన్ని నడిపిన నియార్కస్ మన చెరకును చూసి నోరెళ్లబెట్టాడు. తేనెటీగలు లేకుండానే తేనె ఇచ్చే గడ అని చెప్పాడట. ఆ తర్వాత 647లో చైనా చక్రవర్తి తైజోంగ్, చక్కెర తయారీ నేర్చుకు రమ్మని మగధకు మనుషుల్నే పంపాడు. చిత్రమేంటంటే, చెరకు పుట్టిల్లు మాత్రం మన దేశం కాదు, న్యూ గినియా.

తిరిగొచ్చిన పేరు

లోకం చుట్టిన ‘శకర్’ ఉర్దూ మీదుగా మళ్లీ మన దగ్గరికే వచ్చింది. కామారెడ్డి, రామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఇళ్లలో ‘పంచదార’ కన్నా ‘చక్కెర’, ‘శక్కర’ మాటలే ఎక్కువ. మంజీర నదిపై 1923లో మొదలైన నిజాంసాగర్ ప్రాజెక్టు 1931 కల్లా పూర్తయింది. కాలువ నీళ్లు పారిన చోట చెరకు పెరిగింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. దాని చుట్టూ వెలసిన ఊరే శక్కర్‌నగర్!

ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అయితే ఏంటి, ఇంకోచోట అమ్ముకోవచ్చు కదా అంటారా? చెరకు వడ్లలాగా గోదాంలో దాచుకునే పంట కాదు. కోసినప్పటి నుంచీ అందులో తీపి తగ్గిపోతుంటుంది. ఒకరోజులోపు ఆడిస్తేనే మంచిది. పైగా 10 కిలోల గడలు ఆడిస్తే వచ్చేది సుమారు కిలో చక్కెర. దూరం తీసుకెళ్తే మిగతా 9 కిలోలకూ కిరాయి దండగే. అందుకే దగ్గర్లో ఫ్యాక్టరీ లేకపోతే చెరకు వేయాలంటేనే రైతుకు భయం.

బెల్లంలో బెండకాయ!

కామారెడ్డి బెల్లం మార్కెట్‌కు కూడా పేరుంది. బెల్లం వండేటప్పుడు మరుగుతున్న రసంలో కొన్నిచోట్ల బెండ జిగురు పోస్తారు. మురికి తెట్టెగా పైకి తేలితే తీసేస్తారు. ఇంకో మాట, బెల్లం రంగు చూసి మోసపోవద్దు. పసుపుపచ్చగా మెరవాలని ‘హైడ్రోస్’ అనే రసాయనం కలిపేవాళ్లూ ఉన్నారు. ముదురు గోధుమ రంగు ఉన్నంత మాత్రాన అది నాసిరకం కాదు. గుడుంబా కాయడానికి వాడుతున్నారని నల్లబెల్లం అమ్మకాలపై మాత్రం ఆంక్షలు పెట్టారు.

అదే బెల్లానికి మేడారం జాతరలో ఎంత మర్యాదో! సమ్మక్క, సారలమ్మలకు భక్తులు తమ ఎత్తు బెల్లం తూచి సమర్పిస్తారు. అక్కడ దాన్ని బెల్లం అనరు, ‘బంగారం’ అంటారు. చెరకు పండించే రైతు చేతిలోనూ అది బంగారమైతే ఎంత బాగుండు!