కృష్ణా గోదావరుల నడుమ కోతులు

నార్కట్‌పల్లి దగ్గర హైదరాబాదు-విజయవాడ రహదారి నుండి ఒక బాట చీలి, నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా సాగి, వాడపల్లి వద్ద కృష్ణను దాటి అద్దంకికి పోతుంది. ఈ బాట ప్రక్కన కనిపించే కోతి ఏ జాతిది? ప్రశ్న చిన్నదే గాని, చూడకుండా జవాబు చెప్పటం ఈనాడు సాధ్యం కాదు.

ఈ మెట్ట ప్రాంతంలోను, దీనికి నైరుతిన ఉన్న అమ్రాబాదు నల్లమల అడవులలోను వానరాలు రెండు తెగలు. మొదటిది కొండముచ్చు. దీని ముఖం నలుపు. తోక చాలా పొడవు. దీని కడుపు అనేక అరలుగా ఉండి, అందులోని సూక్ష్మజీవులు ముదురాకులను సైతం పులియబెట్టి జీర్ణం చేస్తవి. రెండవ తెగ కోతులకు అటువంటి కడుపు లేదు. దానికి బదులు బుగ్గలలో సంచులు కలవు. పండ్లు, గింజలు, పురుగులు దొరికినంత బుగ్గన కుక్కుకొని, తరువాత తీరికగా నమలుకొంటవి. పండిన మర్రిచెట్టు మీద రెండు తెగలూ చేరవచ్చు. పండ్లు కరవైనప్పుడు మాత్రం కొండముచ్చు ఆకులతో కాలం గడుపుకోగలదు. ఒకే అడవిలో రెండూ ఇమడటానికి ఇది ముఖ్యకారణం.

చిక్కంతా రెండవ తెగతోనే. మనం ఊరికే 'కోతి' అనేదానిలో రెండు జాతులున్నవి. ఒకటి నడినెత్తి నుండి వెంట్రుకలు చుట్టూ పరచుకొని టోపీ వలె కనిపించే జాతి. దీని తోక ఇంచుమించు శరీరమంత పొడవు. రెండవది రీసస్ కోతి. దీని తోక శరీరంలో సగమే, నడుము క్రింది భాగం నారింజ ఎరుపు. (రక్తపరీక్షలో వినిపించే 'ఆర్‌హెచ్' అనే పేరు ఈ రీసస్ నుండి వచ్చినదే.) ఈ రెండింటి తిండి ఒకటే, బ్రతుకు తీరు ఒకటే. కనుక కొండముచ్చుతో కుదిరిన పొత్తు వీటి మధ్య కుదరదు.

పూర్వం వీటిని నదులు వేరుచేసినవి. పడమట తపతి, తూర్పున గోదావరి ఎల్లలని, వాటికి ఉత్తరాన రీసస్, దక్షిణాన టోపీకోతి అని జంతుశాస్త్రజ్ఞులు వ్రాశారు. ఆ లెక్కన నార్కట్‌పల్లి టోపీకోతి సీమ. కాని రీసస్ గోదావరి దాటి చాలాదూరం దక్షిణానికి వచ్చినట్లు 2011లో ప్రకటితమైన ఒక పరిశోధన చూపింది. కోతికి నది అడ్డే గాని, వంతెన అడ్డు కాదు. పైగా ఒకచోట బెడద పెట్టిన కోతులను పట్టి, మరొకచోట వదిలే మనిషి ఉన్నాడు. రీసస్ నిలదొక్కుకొన్నచోట టోపీకోతి తగ్గిపోతున్నది. కొన్నిచోట్ల రెండూ కలిసిన గుంపులు కూడా కనబడినవి.

రీసస్‌కు ఆఫ్ఘనిస్తాన్ నుండి చైనా వరకు చోటున్నది. టోపీకోతికి దక్షిణ భారతం తప్ప మరొక దేశం లేదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దానిని ముప్పునకు లోనుకాగల జాతులలో చేర్చింది.

ఈ బాటన పోయే విద్యార్థులు వాడపల్లి వంతెనకు ఇవతల, అవతల కనిపించే కోతుల తోకలను దూరం నుండే గమనించి, తేదీతో, ఊరి పేరుతో వ్రాసి ఉంచవచ్చును. ముఖం కన్న తోక నమ్మదగిన గుర్తు.